చట్టం వచ్చాక కూడా బడిలో వివక్ష ఎలా కొనసాగుతుంది?

కులం పేరు చెప్పి ఇవాళ ఏ బడీ పిల్లవాడిని గేటు దగ్గర ఆపడం లేదు, పుస్తకాలూ భోజనమూ స్కాలర్‌షిప్పూ ప్రభుత్వమే ఇస్తోంది, అయినా కొన్ని వర్గాల పిల్లలు వెనకబడుతున్నారంటే దానికి పేదరికమూ ఇంటి వాతావరణమే కారణం కదా, దాన్ని వివక్ష అనడం ఎంతవరకు సబబు, ఇంతకీ ఇది ఒక్క మన దేశపు సమస్యేనా అని మీరు అడిగారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు చాలామంది ఇదే ప్రశ్న నిజాయితీగా అడుగుతారు. నా ఉద్యోగ జీవితమంతా పాఠశాలల తనిఖీలోనూ ఉపాధ్యాయ శిక్షణలోనూ గడిచింది కనుక, నేను చూసినదాన్నీ ఇతర దేశాల్లో జరిగి అందరికీ తెలిసిన కొన్ని సంగతులనూ కలిపి జవాబు చెబుతాను. పేదరికం నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు, కానీ అదొక్కటే కారణమన్న మాట నిలవదు. గేటు దగ్గర ఆపడం నేరమయ్యాక వివక్ష పరీక్షలోకి, హాజరుపట్టీలోకి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఏ పని చేయాలి అన్న రోజువారీ నిర్ణయాల్లోకి చేరింది. అక్కడ అది మామూలు పద్ధతిలాగే కనిపిస్తుంది కనుక చేస్తున్నవారికే చాలాసార్లు తెలియదు.

గేటు దగ్గర ఆపిన కాలం మరీ పాతదేమీ కాదు. 1856లో ధార్వాడలో అప్పట్లో అస్పృశ్యులుగా చూసిన మహర్ కులపు కుర్రవాడొకడు ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకోమని అర్జీ పెట్టుకుంటే, అతనొక్కడిని చేర్చుకున్నందువల్ల ఆ బడి మిగతావారెవరికీ పనికిరాకుండా పోతుందన్న వాదనతో బొంబాయి ప్రభుత్వం కాదన్నది. ఆ తరువాత దాదాపు అర్ధశతాబ్దానికి సతారాలో భీమరావు అంబేడ్కర్ అనే బాలుడికి బడిలో ప్రవేశం దొరికింది. అయితే అతను ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద, మిగతా పిల్లలకు దూరంగా, ఒక మూల కూర్చోవాలి. బడి ఊడ్చే మనిషి ఆ పట్టాను ముట్టుకోడు కనుక సాయంత్రం మళ్లీ దాన్ని చుట్టి ఇంటికి మోసుకుపోవాలి. దాహమేస్తే కుళాయి తాను తిప్పుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి, ప్యూను లేని రోజు నీళ్లు లేవు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే ఆ బాలుడి పేరు రిజిస్టరులో ఉంది, రోజూ హాజరు పడుతోంది, లెక్కల ప్రకారం అతనికి విద్య అందుతోంది. ప్రవేశం దొరకడమూ సమానంగా చదువుకోగలగడమూ ఒకటి కావన్న విషయం ఆనాటి నుంచీ మన కళ్లముందే ఉంది.

ఇతర దేశాల మాటకు వస్తే, అమెరికాలో నల్లజాతి పిల్లలను వేరు బడుల్లో ఉంచవచ్చన్న వాదనకు 1896 నాటి సుప్రీంకోర్టు తీర్పు అండగా నిలిచింది. 1954 మే 17న అదే కోర్టు బ్రౌన్ కేసులో వేరు బడులు స్వభావరీత్యానే అసమానమని తేల్చింది. ఆ తీర్పులో కలిసి వచ్చిన కేసుల్లో ఒకటి వర్జీనియా రాష్ట్రం ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీది. అక్కడ 1951లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల విద్యార్థిని, ఇరుకు గదులూ తారుకాగితం కప్పిన షెడ్లూ తప్ప మరేమీ లేని తమ బడికి సరైన భవనం కావాలని తోటి పిల్లలతో సమ్మె చేయించింది. తీర్పు వచ్చాక ఆ కౌంటీ ఏం చేసిందో తెలిస్తే చట్టానికీ అమలుకూ మధ్య దూరం ఎంతో అర్థమవుతుంది. నల్లజాతి పిల్లలను తెల్లపిల్లల పక్కన కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959లో అక్కడి పాలకులు ప్రభుత్వ బడులన్నిటినీ మూసేశారు. తెల్లజాతి పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలిసింది, దాని ఫీజులకు ప్రజాధనమే తోడ్పడింది. నల్లజాతి పిల్లల్లో కొందరిని తల్లిదండ్రులు దూరప్రాంతాల బంధువుల ఇళ్లకు పంపారు, ఎందరో చదువే మానుకున్నారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకునేదాకా ఐదేళ్లపాటు ఇదే పరిస్థితి. ఆరేళ్లకు బడిలో అడుగుపెట్టవలసిన పిల్ల పదకొండేళ్లు వచ్చేదాకా అక్షరం రాకుండా ఉండిపోయింది, ఆ నష్టాన్ని ఏ తీర్పూ తిరిగి పూడ్చలేకపోయింది.

దక్షిణాఫ్రికాలో 1953 నాటి బంటూ విద్యా చట్టం నల్లజాతి పిల్లలకు చిన్నచిన్న శ్రమలకు సరిపడే చదువు చాలునన్న సూత్రం మీద నడిచింది. పాఠ్యాంశాల్లో సగం పాలక తెల్లవారి భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని ఆదేశించినప్పుడు 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కన నల్లజాతివారు ఉండే సొవెటోలోని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, పోలీసులు పిల్లల మీద కాల్పులు జరిపారు.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే వివక్ష మరొకటి ఉంది: బలవంతంగా బడిలో చేర్చడం. కెనడాలో ఆదివాసీ పిల్లలు దాదాపు 1,50,000 మందిని ఇళ్ల నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టి, వారి జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే దండించారు. వాటిలో చివరివి 1990ల రెండో సగం దాకా నడిచాయి. ప్రభుత్వం 2008లో క్షమాపణ చెప్పింది, 2015లో సత్యశోధన సంఘం దాన్ని సాంస్కృతిక జాతిహననమని పేర్కొంది. అమెరికాలోని కార్లైల్ పాఠశాల 1879 నుంచి 1918 దాకా ఇదే పని చేసింది. ఆస్ట్రేలియాలోనూ తల్లుల నుంచి విడదీసిన ఆదివాసీ పిల్లల తరాలున్నాయి. ఈ బడుల్లో పిల్లలను చేర్చుకోవడంలో లోటేమీ లేదు. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసేవారు ఈ చరిత్ర చదవాలని నేను శిక్షణల్లో పట్టుబట్టేవాడిని. మంచి ఉద్దేశంతోనే అయినా, పిల్లవాడి ఇంటిభాషను తరగతిలో ఎగతాళి చేసే ఉపాధ్యాయుడు ఆ దారిలోనే నడుస్తున్నాడు.

ఇక మీ ప్రశ్నకు అసలైన జవాబు చెక్ దేశంలోని ఓస్ట్రావా నగరంలో దొరుకుతుంది. అక్కడ మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు ఉండేవి, వాటిలో పాఠ్యప్రణాళిక స్థాయి బాగా తక్కువ. పిల్లలను వాటికి పంపే పద్ధతి చూస్తే ఎక్కడా తప్పు కనబడదు: మనస్తత్వ నిపుణుడు తెలివితేటల పరీక్ష పెడతాడు, ఫలితాన్ని బట్టి ప్రధానోపాధ్యాయుడు నిర్ణయిస్తాడు, తల్లిదండ్రులు అంగీకారపత్రం మీద సంతకం చేస్తారు. యూరప్‌లో తరతరాలుగా చిన్నచూపుకు గురైన మైనారిటీ జాతి రోమాలు. వారి పిల్లలను అక్కడికి పంపాలని నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. కానీ లెక్క తీసి చూస్తే, ఆ నగరంలోని మామూలు ప్రాథమిక పాఠశాలల విద్యార్థుల్లో రోమాలు 2.26 శాతం, ప్రత్యేక పాఠశాలల్లో 56 శాతం. ఇతర పిల్లలతో పోలిస్తే రోమా బిడ్డ ప్రత్యేక పాఠశాలకు పోయే అవకాశం 27 రెట్లకు పైగా ఎక్కువ. ఒక జాతి పిల్లలకే ఇన్ని రెట్లు ఎక్కువగా మానసిక లోపం ఉంటుందని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు.

పద్దెనిమిది మంది రోమా పిల్లల తరఫున ఈ కేసు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి చేరింది. 2006లో మొదటి విచారణలో వాళ్లు ఓడిపోయారు. 2007 నవంబరు 13న విస్తృత ధర్మాసనం 13–4 మెజారిటీతో వారి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులోని రెండు అంశాలు ఉపాధ్యాయులందరికీ తెలియాలి. ఒకటి, ఫలానా అధికారికి చెడు ఉద్దేశం ఉందని నిరూపించనక్కరలేదు, పైకి అందరికీ ఒకేలా వర్తించే నిబంధన ఒక వర్గాన్ని ఎక్కువగా దెబ్బతీస్తోందని నమ్మదగిన లెక్కలు చూపిస్తే, అది న్యాయమేనని నిరూపించుకోవలసిన భారం ప్రభుత్వం మీదికి మారుతుంది. రెండు, తల్లిదండ్రుల సంతకం ఉన్నంత మాత్రాన వివక్ష ఒప్పయిపోదు, జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ వదులుకోలేరు. మన దగ్గర కూడా ‘వాళ్ల నాన్నే ఒప్పుకున్నాడండీ’ అన్న సమాధానం ఎన్ని సందర్భాల్లో వింటామో గుర్తు చేసుకోండి.

ఇది ఒక్క ఓస్ట్రావా కథ కాదు. 1971లో లండన్‌లో, గ్రెనడా నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు బెర్నార్డ్ కోర్డ్, వెస్టిండీస్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్నవారి బడులకు అసాధారణమైన సంఖ్యలో పంపుతున్నారని బయటపెట్టాడు. 1979లో కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, నల్లజాతి పిల్లలను బుద్ధిమాంద్యం తరగతుల్లో వేయడానికి తెలివితేటల పరీక్షలు వాడడాన్ని ఆపించాడు. మూడు దేశాలు, మూడు జాతులు, ఒకరితో ఒకరికి పరిచయం లేని అధికారులు, అయినా పద్ధతి మాత్రం ఒక్కటే. తెల్లపిల్లల ఇంట్లో వాడే మాటలతో, వారికి అలవాటైన బొమ్మలతో పరీక్ష తయారుచేసి, ఆ మాటలు తెలియని బిడ్డకు తెలివి లేదని రాసేశారు.

పేదరికమే కారణమన్న వాదనను ఇక్కడ పరిశీలిద్దాం. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల కుర్రవాళ్లకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చి, విప్పిన ప్రతిదానికీ డబ్బు ఇస్తామన్నారు. కులం ఊసెత్తనప్పుడు పైకులాల పిల్లలూ దళిత బాలురూ దాదాపు సమానంగా విప్పారు. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించాక దళిత బాలురు విప్పిన బొమ్మల సంఖ్య గణనీయంగా పడిపోయింది. ఇంట్లో పేదరికం రెండు సందర్భాల్లోనూ అంతే, తల్లిదండ్రుల చదువూ అంతే, మారినదల్లా కులం వినిపించడమే.

ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు తరగతి గదుల్లో పదేపదే చూసిన ఒక దృశ్యం గుర్తుకు వస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు గడువు దగ్గరపడుతుంది, ఆఫీసు నుంచి కాగితం వస్తుంది, పాఠం మధ్యలో ఉపాధ్యాయుడు ‘ఎస్సీ, ఎస్టీలు లేచి నిలబడండిరా’ అంటాడు. కొందరు వెంటనే లేస్తారు, ఒకరిద్దరు పక్కవాళ్ల వైపు చూసి మెల్లగా లేస్తారు, ఒక పిల్ల లేవదు. ‘నువ్వు కూడా కదా?’ అని పేరు పెట్టి పిలుస్తారు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు రేపే తేవాలని చెబుతారు. వెనకబెంచీ నుంచి ‘వీళ్లకేంరా, అన్నీ ఫ్రీ’ అన్న మాట వినిపిస్తుంది. ఆ ఉపాధ్యాయుడిలో ద్వేషం లేదు, పిల్లలకు డబ్బు అందాలనే అతని తపన. కానీ ఆ రెండు నిమిషాల్లో సాటివారందరి ముందూ వారి కులం ప్రకటన జరిగిపోయింది, మరుక్షణమే వారు మళ్లీ లెక్కల పాఠంలో మనసు పెట్టాలి. రిజిస్టరులో ఉన్న వివరమే కనుక ఎవరికి ఏ ఫారం కావాలో ఆఫీసులోనే చూసి, విడిగా ఇంటికి కబురు పంపవచ్చు. ఖర్చు లేని ఈ మార్పుకు చాలా బడుల్లో ఇంకా మోక్షం రాలేదు.

మార్కుల విషయంలో రేమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే చేసిన మరో పరిశోధన ఉంది. పిల్లల సమాధాన పత్రాల ముఖపత్రం మీద కులం, లింగం, వయసు లాటరీ పద్ధతిలో మార్చి రాసి ఉపాధ్యాయుల చేత దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కొద్దిగా తగ్గాయి. తేడా పెద్దది కాదు, కానీ ఆ తేడాకు ఎక్కువగా కారణమైనవారు కింది కులాల ఉపాధ్యాయులే. ఇది విన్నవాళ్లు మొదట నమ్మరు. నాకు మాత్రం ఇందులో ఆశ్చర్యం లేదు. తక్కువ చూపు మనిషి పుట్టుకను బట్టి గాక బడి వాతావరణాన్ని బట్టి వస్తుంది, ఆ వాతావరణంలో చదివి ఉపాధ్యాయుడైనవాడికి కూడా అది అంటుతుంది. కట్టలో మొదట దిద్దిన పత్రాల్లోనే ఈ తేడా ఎక్కువని కూడా వారు గుర్తించారు. అంటే దేనికి ఎన్ని మార్కులు వేయాలో ఇంకా స్పష్టత రాని దశలో పేరూ కులమూ చేతిని నడిపిస్తున్నాయి. పేర్లు మూసి దిద్దడం, దిద్దే ముందే మార్కుల విభజన రాసుకోవడం అందుకే అవసరం.

మధ్యాహ్న భోజనం దగ్గర కథ ఇంకా బాహాటంగా ఉంటుంది. వండేవారి నియామకాల్లో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పదిహేడేళ్ల తరువాత, 2021 డిసెంబరులో, ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలోని ఒక ప్రభుత్వ బడిలో దళిత మహిళ వండిన అన్నం తినబోమని పైకులాల పిల్లలు మానేస్తే ఆమెను తొలగించారు. బదులుగా వచ్చిన పైకులపు వంటమనిషి వండినది తినబోమని దళిత పిల్లలు కూడా మానేశారు. దేశమంతా గగ్గోలు పుట్టాకే మొదటి ఆమెను తిరిగి నియమించారు. పన్నెండేళ్ల పిల్లలకు ఆ పట్టింపు ఎవరు నేర్పారన్నది వేరే చెప్పనక్కరలేదు.

తమిళనాడులో విద్యార్థులు కులాన్ని సూచించే రంగుల దారాలు చేతికి కట్టుకుంటున్నారని, దాన్ని ఆపించమని 2019లో విద్యాశాఖ ఉత్తర్వు జారీచేయవలసి వచ్చింది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థినీ అతని చెల్లెలినీ తోటి విద్యార్థులే ఇంటికి వచ్చి కొడవళ్లతో నరికారు. ఆ తరువాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు ఏకసభ్య సంఘం, దారాలూ ఉంగరాలూ బొట్టు గుర్తుల రూపంలో కులాన్ని ప్రదర్శించడం నిషేధించాలని, బడుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని 2024లో సిఫారసు చేసింది. ప్రభుత్వ బడి బోర్డు మీదే కులం పేరు ఉంటే పిల్లవాడి చేతి దారం గురించి ఏ ముఖంతో మందలిస్తాం?

కులం ఒక్క మనదన్న అభిప్రాయం కూడా సవరించుకోవాలి. జపాన్‌లో చర్మకారులూ పశువధ చేసేవారూ అయిన బురాకుమిన్‌ల మీద వెలి 1871లోనే చట్టపరంగా రద్దయింది, అయినా వారి పిల్లలు ఇరవయ్యో శతాబ్దమంతా బడుల్లో అవమానాలు పడ్డారు. 1961లో కోచి నగరం నాగహమలో ఆ వాడల తల్లులు, నిర్బంధ విద్య ఉచితమని రాజ్యాంగం 26వ అధికరణలో ఉన్నప్పుడు పుస్తకాలు మేమెందుకు కొనాలని నిలదీశారు. 1963 నాటికి దేశంలోని పిల్లలందరికీ ఉచిత పాఠ్యపుస్తకాల చట్టం వచ్చింది. తమ పిల్లలకు మాత్రమే అడిగి ఉంటే దానం తీసుకునేవారని మళ్లీ ముద్ర పడేది, అందరికీ అడిగి సాధించినందువల్ల ఏ బిడ్డా తరగతిలో వేరుగా లేచి నిలబడనక్కరలేకపోయింది. ఇంతకన్నా తెలివైన ఉద్యమాన్ని విద్యారంగంలో నేను ఎరగను.

కలిపి కూర్చోబెడితే చాలునా అంటే, దానిలోనూ జాగ్రత్త అవసరం. కొల్హాపూర్ సంస్థానాన్ని ఏలిన షాహూ మహారాజ్ 1919లో అస్పృశ్యుల వేరు బడులను ఎత్తివేసి అందరినీ ఒకే బడిలో చేర్చాడు, అది సరైన పని. అమెరికాలో బ్రౌన్ తీర్పు తరువాత వేరు బడులు మూతపడినప్పుడు వేలాది నల్లజాతి ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి, పిల్లలను కలిపారు గానీ వారిని నమ్మే పెద్దలను బయటికి పంపేశారు. దాని ఫలితం నేటికీ కనిపిస్తుంది. అమెరికా విద్యాశాఖ 2011–12 లెక్కల ప్రకారం నర్సరీ స్థాయి పిల్లల్లో నల్లజాతివారు 18 శాతం, ఒకటికన్నా ఎక్కువసార్లు బడి నుంచి సస్పెండ్ అయిన పిల్లల్లో వారు 48 శాతం. నాలుగేళ్ల పిల్లలను సస్పెండ్ చేయడమేమిటన్న ప్రశ్న పక్కన పెడదాం. ఒకే అల్లరికి ఒక బిడ్డను ‘చిలిపివాడు’ అనీ మరొక బిడ్డను ‘పెంకివాడు’ అనీ అనుకునే బుద్ధి ఈ అంకెల్లో ఉంది. మన సంక్షేమ గురుకులాలు వేరుగా ఉన్నా నేను వాటిని సమర్థిస్తాను, ఎందుకంటే అక్కడికి పిల్లలు తమ ఇష్టంతో, మెరుగైన చదువు కోసం వెళ్తున్నారు. ఓస్ట్రావాలో తక్కువ చదువు కోసం పంపారు.

వివక్ష అనే మాట వాడడం సబబేనా అన్నారు కదా, యునెస్కో 1960 నాటి ఒడంబడికలోనే దీనికి నిర్వచనం ఉంది. విద్యలో సమానత్వాన్ని దెబ్బతీసే ఉద్దేశం ఉన్నా, దెబ్బతీసే ఫలితం ఉన్నా అది వివక్షేనని ఆ ఒప్పందం చెబుతుంది. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2002లో కులాన్ని కూడా పుట్టుక ఆధారంగా చూపే వివక్ష కిందికే తెచ్చింది. కాబట్టి మీ బడిలో ఎవరి మనసులో ఏముందని వెతకకండి, లెక్క తీయండి. ముందుబెంచీల్లో ఎవరున్నారు, మరుగుదొడ్లకు నీళ్లు పోసే వంతు ఎవరికి పడుతోంది, ప్రార్థనలో వేదిక ఎక్కేది ఎవరు, బెంచీ మీద నిలబెట్టేది ఎవరిని, ఆరో తరగతిలో ఉండి తొమ్మిదికి కనబడనిది ఎవరు అని ఒక నోటుపుస్తకంలో ఒక నెల రాయండి. వ్యాఖ్యానాలు రాయవద్దు, తేదీ, పేరు, జరిగిన పని మాత్రమే రాయండి. ఆ కాగితం ముందు పెట్టుకుని స్టాఫ్ సమావేశంలో మాట్లాడితే, మీరు ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు. మరుగుదొడ్ల పని మాత్రం పిల్లల వంతుల్లోంచి పూర్తిగా తీసేయించండి, దాన్ని సమానంగా పంచడం పరిష్కారం కాదు.

సమావేశంలో ఫలితం లేకపోతే, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. శారీరక దండన, మానసిక వేధింపు రెండూ 17వ సెక్షన్ కింద నిషిద్ధం. 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేల్చినది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కులం పేరుతో దూషించినా, కొట్టినా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది, దానికి పోలీసు స్టేషనుకే వెళ్లాలి. ఫిర్యాదులో బిడ్డ పేరు తరగతిలో బయటపడకుండా చూడమని మొదటి వాక్యంలోనే కోరండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి, ఆ పిల్లవాడి తల్లిదండ్రులతో ముందుగా వాళ్లింటికే వెళ్లి మాట్లాడండి, ఎందుకంటే రేపటి నుంచి అదే బడికి అతన్ని పంపవలసినవారు వాళ్లే.